పాయసం రాకముందే లేచాను

మాది ఏ కులమో చెప్పను. చెబితే మిగతా కులాలవాళ్ళు ఇది తమ గురించి కాదనుకుని నిమ్మళంగా పడుకుంటారు. వాళ్ళను అంత సుఖపెట్టాలని నాకు లేదు.

డబ్లిన్ శివార్లలోని శాండీఫోర్డ్‌లో ఆఫీసులు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి. ఒక బిల్డింగు మీద కొత్త కంపెనీ బోర్డు ఎక్కిందంటే, నెల తిరక్కుండా చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలోంచి పోపు వాసన మొదలయ్యేది. మేముండే నేస్ నుంచి నేను కారులో వెళ్ళి ఆ బిల్డింగుల్లో ఒకదానిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. అంటే వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం. పుట్టుకతో వచ్చిన గుణానికి జీతం కూడా ఇస్తున్నారని మా ఆయన ఎగతాళి చేసేవారు. ఆయన లీక్స్‌లిప్‌లో చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఎవరి తప్పులూ పట్టుకోని మనిషి.

ఐర్లండ్‌లో తెలుగువాళ్ళు ఇద్దరు ఎదురుపడితే మొదటి ప్రశ్న "మీదే ఊరండీ?" రెండో ప్రశ్న "ఇంటిపేరేమిటి?" మూడో ప్రశ్న అవసరం ఉండదు. మనవాళ్ళని తేలితే ఆ క్షణం నుంచే అన్నయ్య, వదిన, బాబాయ్. తేలకపోతే "కలుద్దామండీ, వీలు చూసుకుని". ఆ వీలు ఎవరికీ ఎప్పుడూ చిక్కదు. ఊరు వదిలి, దేశం వదిలి, సూర్యుణ్ణి కూడా వదిలేసుకుని వచ్చినవాళ్ళు ఈ ఒక్కదాన్ని మాత్రం చేతిసంచీలో పెట్టుకుని భద్రంగా తెచ్చుకున్నారు.

అలా నాకు దొరికిన బాబాయే మా పెద్దాయన. నాకు ఆయన ఏమీ కాడు. మా ఆయనకీ ఏమీ కాడు. మా ఆఫీసులో డైరెక్టరు, గుంటూరు వైపువాడు, ఈ దేశానికి మా అందరికంటే ముందొచ్చినవాడు. అంతే. ఆఫీసులో ఐర్లండ్ పద్ధతి కాబట్టి పేరు పెట్టి పిలిచేవాళ్ళం. ఆఫీసు గేటు దాటితే "బాబాయ్‌గారూ". నోటికి ఈ గేరు మార్చడం అలవాటు కావడానికి నాకు కొన్నాళ్ళు పట్టింది. మావాళ్ళలో ఎవరికి ఉద్యోగం వచ్చినా అది ఆయన ఇప్పించిందే. నిజంగా ఇప్పించాడా లేదా అన్నది వేరే సంగతి. వచ్చినవాళ్ళు భార్యాసమేతంగా వెళ్ళి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి, స్వీటు పెట్టె ఇచ్చి రావాలి. ఆయన "నాదేవుందమ్మా, అంతా పైవాడు" అంటూ పాదాలు కొంచెం ముందుకు జరిపేవాడు.

ఏటా ఆయన ఆధ్వర్యంలో మావాళ్ళ కార్తీక వనభోజనాలు జరిగేవి. జూలైలో. నిజమైన కార్తీకమాసంలో ఇక్కడ బయట అన్నం పెట్టుకుంటే విస్తరి పక్క కౌంటీకి ఎగిరిపోతుంది కనుక, కార్తీకాన్ని వేసవి సెలవుల్లోకి మార్చారు. పంతులుగారొకాయన ఫోనులో అనుమతి కూడా ఇచ్చాడట. వనభోజనమంటే ఉసిరి చెట్టు కింద తినాలి. ఐర్లండ్‌లో ఉసిరి చెట్టు లేదు. దానికీ ఉపాయం ఉంది. పార్కులో ఏదో పెద్ద చెట్టు మొదట్లో ఉసిరికాయ పచ్చడి సీసా పెట్టి, దానికి పసుపూ కుంకుమా అద్ది, ఆడవాళ్ళు చుట్టూ తిరిగేవాళ్ళు. నేనూ తిరిగాను. ఆ చెట్టు పేరేమిటో మాలో ఎవరికీ తెలియదు, తెలుసుకుందామని కూడా ఎవరికీ తోచలేదు. మాసం మార్చుకోవచ్చు, చెట్టు మార్చుకోవచ్చు. మారకూడనిది పిలుపుల జాబితా ఒక్కటే. ఆహ్వానంలో కులం పేరు ఎక్కడా ఉండేది కాదు. "ఆత్మీయ కుటుంబ సమ్మేళనం" అని ఉండేది. ఆ పేరు చూసి పొరపాటున ఇంకో కులంవాడు వచ్చిన దాఖలా లేదు. మనవాళ్ళకి ఇలాంటి చదువు బాగా వస్తుంది.

ఒకసారి పార్కు కాపలాదారు వచ్చి సందర్భం ఏమిటని అడిగాడు. ఫ్యామిలీ రీయూనియన్ అని చెప్పాడు పెద్దాయన. అతను ఆ జనాన్నంతా ఒకసారి కలయచూసి, ఇంతమందీ ఒకే కుటుంబమా అని ఆశ్చర్యపోయి, "గ్రాండ్" అని వెళ్ళిపోయాడు. ఐర్లండ్‌వాళ్ళు దేనికైనా గ్రాండ్ అంటారు. అప్పుడు మావాళ్ళు ఆ మాటని ఎంత మురిపెంగా చెప్పుకున్నారో చూడాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. నా టీములో ఒక వరంగల్ అమ్మాయి కాంట్రాక్టు మీద పనిచేసేది. ఆమె అంటే నాకేమంత ఇష్టం ఉండేది కాదు. గట్టిగా నవ్వుతుంది, మీటింగుకి ఆలస్యంగా వస్తుంది, వచ్చాక అప్పటిదాకా మేం మాట్లాడిందంతా తప్పని తేలుస్తుంది. చాలాసార్లు అది తప్పే అయి ఉండేది. అది నాకు ఇంకా చిరాకు. వేసవి చివరికి ఆమె కాంట్రాక్టు అయిపోతుంది. ఆమె వర్క్ పర్మిట్ ఉద్యోగానికి కట్టేసి ఉంది. ఉద్యోగం పోతే పర్మిటూ పోతుంది, కుటుంబం మొత్తం పెట్టెలు సర్దుకోవాలి. భర్త హనుమకొండలో బ్యాంకు ఉద్యోగం వదిలేసి వచ్చి, నేస్ దగ్గర ఒక గోడౌన్లో సరుకులెత్తే పనిలో చేరాడు. కూతురు ఇక్కడి బళ్ళో చదువుతూ, ఇక్కడి ఆడపిల్లలు కర్రలు పట్టుకుని ఆడే కమోగీ ఆటలో పడింది.

"మా బిడ్డకు ఇగ తెలుగు మాట అర్థమైతది గని నోట్లెకెళ్ళి రాదక్కా," అంది ఒకసారి లంచ్ దగ్గర. "ఇప్పుడు వాపస్ తీస్కపోతె అది అక్కడ ఎవ్వలతోని మాట్లాడాలె?"

అప్పుడే మా టీములో ఒక పర్మనెంటు ఉద్యోగం పడింది. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు ఈ అమ్మాయి. రెండోవాడు డబ్లిన్‌లో మాస్టర్స్ చేసిన ఒక కుర్రాడు, పెద్దాయన భార్య తరఫు చుట్టం. ఇంటర్వ్యూ చేసింది ముగ్గురం: పెద్దాయన, మేయో నుంచి వచ్చిన మా ఐరిష్ మేనేజరమ్మ, నేను. ఆ కుర్రాడు ఏ ప్రశ్న వేసినా తను మంచి టీమ్ ప్లేయర్నన్నాడు. మా ప్రోగ్రాము ఒకరి జీతం పొరపాటున రెండుసార్లు జమ చేస్తే ఆ తప్పు ఎక్కడ వెతుకుతావని అడిగాను. టీముతో కలిసి వెతుకుతానన్నాడు. వరంగల్ అమ్మాయి అదే ప్రశ్నకి ముందు నేను ప్రశ్న సరిగ్గా అడగలేదంది. తర్వాత బోర్డు మీద బొమ్మ గీసి, ఎక్కడెక్కడ చూడాలో చెప్పి, మేం అడగనివి కూడా చెప్పి, మేయో ఆవిడని నవ్వించి వెళ్ళింది. ఎవరిని తీసుకోవాలో తేల్చడానికి సోమవారం ముగ్గురం కూర్చోవాలి. ఆ ముందురోజు, ఆదివారం, వనభోజనాలు.

ఆ రోజు దేవుడి దయవల్ల ఎండ కాసింది. గడ్డి మీద చాపలు పరిచి రెండు పంక్తులు వేశారు. అరిటాకు బొమ్మ అచ్చేసిన కాగితం విస్తళ్ళు. పెద్దాయనకి మోకాళ్ళ నొప్పులు, అందుకని ఎదురు పంక్తి మధ్యలో మడత కుర్చీ వేసుకుని ఒళ్ళో విస్తరి పెట్టుకున్నాడు. కుర్చీలో కూర్చున్నా పంక్తి నియమం మాత్రం నియమమే. పెద్దాయన చెయ్యి కడిగేదాకా ఎవరూ లేవకూడదు. చిన్నప్పుడు మా నాయనమ్మ కూడా చెప్పేది, పంక్తిలో ఒకరు మధ్యలో లేస్తే భోజనం అక్కడితో అయిపోయినట్టేనని, తక్కినవాళ్ళు ఇంకో ముద్ద ముట్టకూడదని. 

నా పక్కన మా ఆయన. ఆయన పక్కన డబ్లిన్లో ఒక ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే డాక్టరుగారు. వడ్డన మొదలయ్యేదాకా ఆ డాక్టరుగారు ఒకే గోడు. ఇక్కడి పెద్ద డాక్టర్లు తమ స్కూళ్ళలో చదివినవాళ్ళనీ, తమ రగ్బీ క్లబ్బువాళ్ళనీ పైకి లాక్కుంటున్నారట, మనవాళ్ళు ఎంత గొప్పగా చేసినా తొక్కేస్తున్నారట. అన్యాయమంటే ఏమిటో ఆయన మాటల్లో విన్నంత వివరంగా నేనింకెక్కడా వినలేదు.

పులిహోర, గారెలు, గుత్తి వంకాయ వడ్డించారు. పప్పు కలుపుకుంటుండగా పెద్దాయన ఎదురుగా నుంచి పలకరించాడు.

"ఏవమ్మాయ్, రేపేగా మనం కూర్చునేది?"

"అవును బాబాయ్‌గారూ."

"ఆ పిల్లకి కమ్యూనికేషన్ బాలేదని చెప్పు. పనిలో వంక పెడితే ఆ మేయో ఆవిడ ఒప్పుకోదు. కమ్యూనికేషనంటే ఎవురూ కాదన్లేరు. నువ్వు ముందను, నే వెనకాల అందుకుంటా."

ఆయన గొంతు తగ్గించలేదు. పప్పు ఇటు పంపమన్నట్టే అన్నాడు. రెండు పంక్తులూ విన్నాయి. ఒక్కరి చెయ్యి కూడా నోటికి వెళ్ళేటప్పుడు ఆగలేదు. వడ్డిస్తున్న ఆంటీ నా విస్తట్లో ఇంకో గారె వేసి, "బాబాయ్‌గారు చెప్తున్నారుగా తల్లీ, అట్నే చెయ్యి" అంది.

"ఆ అమ్మాయి బాగా చేసింది బాబాయ్‌గారూ. మీరూ చూశారుగా," అన్నాను.

"బాగా చేసిందిలే, ఎవరు కాదన్నారు? ఆళ్ళకి ఆళ్ళవాళ్ళుంటారు, ఆళ్ళు చూసుకుంటారు. మనోడికి మనవేగా ఉంది."

"ఉద్యోగం రాకపోతే వాళ్ళ పర్మిట్ పోతుంది. పిల్లని బళ్ళోంచి తీసేసి ఇండియా వెళ్ళిపోవాలి."

"ఏం, హైదరాబాద్‌లో ఉద్యోగాల్లేవా?" అన్నారెవరో పక్క నుంచి.

నేను డాక్టరుగారి వైపు చూశాను. అప్పటిదాకా రగ్బీ క్లబ్బుల మీద అంత మండిపడ్డ మనిషి ఇప్పుడేమైనా అంటాడేమోనని. ఆయన వంకాయని శ్రద్ధగా చీలుస్తూ, "దీన్ని నెట్‌వర్కింగ్ అంటారమ్మా. అందరూ చేసేదే," అన్నాడు. అక్కడ నా ఓర్పు తెగిపోయింది. పెద్దాయన మీద నాకు అంత అసహ్యం కలగలేదు. ఆయన చేసేది ఆయనకి తెలుసు. ఈ పక్కన కూర్చుని నమిలేవాళ్ళ మీదే కలిగింది.

లేచాను. చేతికి పప్పన్నం అంటుకునే ఉంది. "నేను అలా అనను. రేపు అక్కడ ఈ మాట కూడా చెబుతాను, మీరు నన్ను ఏమడిగారో," అన్నాను.

ఆ మాట ఎవరికీ పట్టలేదంటే నమ్మండి. ఉద్యోగం, పర్మిట్, పిల్ల, అవేవీ ఎవరికీ పట్టలేదు. నేను లేవడం ఒక్కటే పట్టింది. ఒక్కసారిగా రెండు పంక్తుల్లోనూ చేతులు విస్తళ్ళ మీద ఆగిపోయాయి. అంతకుముందు ఆగని చేతులు. ఎందుకంటే శాస్త్రప్రకారం పంక్తి అయిపోయింది. ఇక ఎవరూ తినకూడదు. పాయసం ఇంకా రాలేదు. గిన్నె మూత తీసి ఉంది, యాలకుల వాసన వస్తోంది. జీడిపప్పు పైకి తేలి కనిపిస్తోంది. పెద్దపెద్ద చదువులు చదివినవాళ్ళు, బ్యాంకుల సర్వర్లు నడిపేవాళ్ళు, మనుషుల గుండెలు కోసి కుట్టేవాళ్ళు నోట్లో ముద్ద పెట్టుకుని, నమలాలో వద్దో తెలియక, పెద్దాయన వంక చూస్తున్నారు.

పెద్దాయన పాయసం గిన్నె వైపు చూశాడు. తర్వాత తీర్పు చెప్పాడు. "అబ్బే, ఆడోళ్ళు లేస్తే లెక్కలోకి రాదులే. కానివ్వండి."

అందరూ ఊపిరి పీల్చుకుని నమలడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళు కూడా.

నేను చెయ్యి కడుక్కుని కారు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. మా ఆయన లేస్తారని చూశాను. ఆయన నా వైపు ఒకసారి చూశారు. విస్తరి వైపు ఒకసారి చూశారు. ఆంటీ గరిటె పట్టుకుని వచ్చింది. ఆయన పాయసం తిన్నారు. రెండోసారి కూడా వేయించుకున్నారో లేదో దూరం నుంచి తెలియలేదు. వేయించుకునే ఉంటారు.

నేస్ చేరి, ఇంటి ముందు కారు ఆపాక ఆయన అన్నారు, "పాయసం అయ్యాక చెప్పొచ్చుగా. నువ్వు చెప్పేది తప్పని నేననను."

అదీ మా ఆయన ధైర్యం. భోజనానంతర ధైర్యం.

సోమవారం గాజు గోడల గదిలో కూర్చున్నాం. మేం ముగ్గురం కాక, హెచ్ఆర్ నుంచి ఒక కుర్రాడు. ఎవరి అభిప్రాయం వాళ్ళు చెప్పాలి. నా వంతు వచ్చింది. ఆ అమ్మాయి అన్నిటికీ జవాబు చెప్పిందనీ, ఆ అబ్బాయి దేనికీ చెప్పలేదనీ అన్నాను. తర్వాత ఇంకో మాట కూడా చెప్పాలన్నాను. నిన్న పార్కులో, ఆమెకి కమ్యూనికేషన్ బాలేదని అనమని ఈయన నన్ను అడిగాడనీ, కారణం ఆ అబ్బాయి మా కులంవాడు కావడమేననీ చెప్పాను. బయటివాళ్ళ ముందు, ఇంగ్లీషులో, కులం అన్న పదం పలకడం బట్టలు విప్పినంత సిగ్గుగా అనిపించింది. ఆ పని చేసినవాళ్ళకి లేని సిగ్గు, చెప్పినందుకు నాకెందుకో.

పెద్దాయన ఏమాత్రం తొణకలేదు. మా సంస్కృతిలో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని ఆటపట్టించడం మామూలేననీ, ఇంటి పిల్లలాంటిదాన్ని కనుక సరదాగా అన్నాననీ, నేను పొరపాటు పడ్డాననీ నవ్వుతూ చెప్పాడు. హెచ్ఆర్ కుర్రాడు ఎంతో మర్యాదగా నన్నడిగాడు, ఇది మీ సంస్కృతికి సంబంధించిన విషయమా అని.

"మీకు గోల్ఫ్ క్లబ్బులున్నాయిగా. మాకు ఇది," అన్నాను.

అతను అది రాసుకోలేదు. మేయో ఆవిడ బల్ల మీద గీతలు చూస్తూ కూర్చుంది.

మీటింగయ్యాక ఆఫీసు వంటగదిలో ఆమె నా పక్కకి వచ్చింది. కప్పు కోసం అల్మరా తెరుస్తూ, "ఫెయిర్ ప్లే టు యూ," అంది, ఇక్కడివాళ్ళ శభాష్ అది. నేను చేసినదానికి ఇంగ్లీషులో 'బ్రేకింగ్ ర్యాంక్స్' అని ఒక మాట ఉందని చెప్పింది. సైనికులు వరుసగా నిలబడి ఉండగా ఒకడు ఆ వరుస విడిచి బయటికి రావడమట. అందరికీ చేతకాదట. ఇంగ్లీషువాళ్ళ సామెతలో కనీసం యుద్ధం ఉంది, తుపాకులున్నాయి. నాకున్నది గారె. అది ఆమెకి చెప్పలేదు.

"ఈ మాట లోపల అనాల్సింది మీరు," అన్నాను.

"అది మీవాళ్ళ విషయం కదా. నేను మధ్యలో రావడం బాగుండదనుకున్నాను," అంది, టీ బ్యాగు పిండుతూ.

ప్రపంచంలో ఎక్కడికి పోయినా మీవాళ్ళూ మావాళ్ళే. ఆమెని నేను అంతవరకూ చాలా గౌరవించేదాన్ని.

కంపెనీ న్యాయం కంపెనీ చేసింది. పెద్దాయన్నీ నన్నూ ఇద్దర్నీ ఆ ఎంపిక నుంచి తప్పించింది. దొంగనీ, దొంగని చూపించినవాడినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టడాన్ని నిష్పక్షపాతం అంటారట. వేరే టీమువాళ్ళు ఇద్దరికీ మళ్ళీ మొదట్నుంచీ ఇంటర్వ్యూలు చెయ్యాలన్నారు. వరంగల్ అమ్మాయి కాంట్రాక్టు ముగింపుకొస్తోంది. మళ్ళీ చదువుకోవాలి, మళ్ళీ కూర్చోవాలి, మళ్ళీ ఎదురుచూడాలి. ఎందుకో ఆమెకి ఎవరూ చెప్పలేదు. కానీ తెలుగువాళ్ళలో చెప్పకుండా తెలియనిది ఏముంది? ఆ వారాల్లో ఆమె నాతో పని మాట తప్ప మాట్లాడలేదు. నవ్వు కూడా తగ్గింది. నా కళ్ళ ముందు ఆ కుటుంబం విమానాశ్రయంలో పెట్టెల బరువు చూసుకుంటున్నట్టు కనిపించేది.

ఈలోగా మావాళ్ళు నా మీద సామెతలు తవ్వుకొచ్చారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంది వడ్డించిన ఆంటీ. ఫర్వాలేదు, ఉలిపికట్టెనే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టానని ఇంకొకాయన అన్నాడట. తిన్నది పార్కులో, వాసాలెక్కడివి? ఇంటి గుట్టు లంకకు చేటని డాక్టరుగారు అన్నాడట. నాకు దానికి మాత్రం నవ్వొచ్చింది. తాము ఉన్నది లంకేనని అంత పెద్దమనిషి తన నోటితోనే ఒప్పుకున్నాడు.

వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. నన్ను కాదు, నేను అందులో ఎప్పుడూ లేను, అది మగవాళ్ళ గ్రూపు. మా ఆయన్ని తీసేశారు. శనివారం బ్యాడ్మింటన్‌కి పిలవడం మానేశారు. ఆయన రాకెట్టు మంచం కింద పెట్టేసి, సాయంత్రాలు ఫోను చేతిలో పట్టుకుని, అది మోగకపోవడాన్ని చూస్తూ కూర్చునేవారు. జాలి పడాల్సిందే. పడలేదు.

చివరికి ఉద్యోగం వరంగల్ అమ్మాయికే వచ్చింది. వేరే టీమువాళ్ళు ఆమెని ఒప్పుకోవడానికి ఎంతోసేపు పట్టలేదని విన్నాను. కబురు తెలిసిన రోజు నేను కారులో కూర్చుని కాసేపు ఏడ్చాను. అంత ఇష్టం లేని మనిషి కోసం ఎందుకేడ్చానో అప్పుడు ఆలోచించలేదు.

అక్కడి నుంచి నాకు కొత్త మర్యాద మొదలైంది. నేస్‌లో ఇండియన్ షాపుకి వెళితే, మావాళ్ళు కానివాళ్ళు దగ్గరికొచ్చి మరీ పలకరించేవాళ్ళు. ఎప్పుడూ వీలు చిక్కనివాళ్ళకి వీలు చిక్కసాగింది. "ఆ అమ్మాయికి ఉద్యోగం మీరే ఇప్పించారటగా, ఎంత గొప్ప పని చేశారండీ," అనేవాళ్ళు, చేతిలో గోంగూర కట్టలతో. నేను "అబ్బే" అనేదాన్ని. మన అబ్బేలో ఔను ఎంతుంటుందో తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. 

ఒక శనివారం పొద్దున్న తలుపు తట్టారు. తీస్తే వరంగల్ అమ్మాయి. సన్నగా తుంపర పడుతోంది. వెనక కారులో కూతురు ఆట బట్టలతో, తలకి హెల్మెట్ కూడా పెట్టేసుకుని కూర్చుంది. నా చూపు ముందు ఆమె చేతుల మీదికి పోయింది. స్వీటు పెట్టె లేదు. కారు తాళం ఉంది.

"రా, లోపలికి రా," అన్నాను, ముఖం చాలా ప్రసన్నంగా పెట్టి.

"రాను అక్కా, బిడ్డకు మ్యాచ్ ఉన్నది. ఒక్క ముచ్చట చెప్పి పోదమని వచ్చిన."

"అయ్యో, దానికేముంది, ఇప్పుడు అవన్నీ ఎందుకు," అన్నాను. థాంక్స్ చెప్పేవాళ్ళతో అనే మాట. కొంచెం ముందే అనేశాను.

ఆమె నన్ను తేరిపార చూసింది. "నాకు ఉద్యోగం మీరిప్పిచ్చిన్రని అంటున్నరు. మీవాళ్ళేమొ తిట్టుకుంట అంటున్నరు, మావాళ్ళేమొ పొగుడుకుంట అంటున్నరు. మీరు గూడ కాదంటలేరంట."

"నేనెప్పుడూ అలా అనలేదే."

"కాదని గూడ అనలేదు కదక్కా." కోపంగా అనలేదు. మీటింగులో తప్పు చూపించేటప్పటి గొంతే. "ఇంటర్వ్యూ నేనే ఇచ్చిన, రెండుసార్లిచ్చిన. రెండుసార్లు పాసైన. మీరు నిజం చెప్పిన్రు, మంచిదే. కాని మీవాళ్ళు అడ్డం పెట్టిన్రు, మీరు తీసిన్రు. పెట్టింది మీరే, తీసింది మీరే. నాకు ఇచ్చిందేమున్నదక్కా అండ్ల?"

నేను ఏదో అనబోయాను. నేను వాళ్ళలో లేనని, లేచి వచ్చేశానని, మా ఆయనకి బ్యాడ్మింటన్ కూడా లేకుండా పోయిందని. అంతలో కారులోంచి కూతురు అచ్చం ఐరిష్ పిల్లలాగా, ఆలస్యమవుతోందని ఇంగ్లీషులో అరిచింది.

"వస్తున్న బిడ్డా," అని ఆమె తెలుగులోనే జవాబిచ్చి, నా వైపు తిరిగి, "ఇగ ఎవరన్న అడిగితె గట్ల చెప్పకుండ్రి అక్కా. నా బిడ్డ గూడ వింటది గద," అంది. తల ఆడించి, తుంపరలో పరిగెత్తి కారెక్కింది.

కారు మలుపు తిరిగేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. ఒళ్ళంతా మండుతోంది. తలుపు వేసి లోపలికి వచ్చాను. మా ఆయన టీ తాగుతూ అంతా విన్నట్టున్నారు. ఎన్నాళ్ళ తర్వాతో ఆయన ముఖం విప్పారింది.

"చూశావా మరి?" అన్నారు ఎంతో తృప్తిగా. "ఇంత చేస్తే కనీసం థాంక్స్ కూడా చెప్పలేదు. అందుకే అంటారు, ఎంతైనా మనవాళ్ళు మనవాళ్ళేనని."

ఆయన్ని నమిలి మింగెయ్యాలన్నంత కోపం వచ్చింది. తలుపు వేస్తూ నేను అనుకున్న మాట కూడా అక్షరాలా ఆయన అన్నదే.